పల్లె నుంచి ఫోన్‌లో మానసిక చికిత్స: ఎవరిని నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి

దూరం నుంచి వైద్యం చిత్తూరు జిల్లాకు కొత్తేమీ కాదు. తవణంపల్లె మండలం అరగొండలో అపోలో వాళ్ల టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలోనే అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించారు. ఆ రోజుల్లో తెర మీద డాక్టరు కనిపించాలంటే శాటిలైట్ డిష్, ఒక గది, దాన్ని నడిపే మనిషి కావాలి. ఇప్పుడు జేబులో ఫోను ఉంటే చాలు. అయినా మనసు బాగాలేని మనిషికి వైద్యం అందుతోందా అంటే, చాలామందికి అందడం లేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం డిప్రెషన్, ఆందోళన లాంటి సాధారణ సమస్యలున్న వాళ్లలో నూటికి 85 మంది చికిత్సకు దూరంగానే ఉన్నారు.

పల్లెలో ఆన్‌లైన్ కౌన్సెలింగ్ మాటెత్తితే ముందు సిగ్నల్ గురించే చెబుతారు. సిగ్నల్‌కు దారులున్నాయి. అవతల మాట్లాడేది ఎవరో తేల్చుకోకుండా డబ్బు కట్టడం, ఇంట్లో నోరు విప్పి మాట్లాడుకునే చోటు లేకపోవడం, దేనికి మందు కావాలో, దేనికి మాట చాలో ముందే విడదీసుకోకపోవడం. చికిత్స మధ్యలో తెగిపోయేది ఎక్కువగా వీటి దగ్గరే.

ముందు 14416

ఏ యాప్‌లోనూ డబ్బు కట్టకముందు చేయదగిన పని ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ సేవకు 14416 నంబరు మీద ఫోన్ చేయవచ్చు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. డేటా అక్కర్లేదు కాబట్టి బటన్ ఫోను నుంచి కూడా కలుస్తుంది. మొదట శిక్షణ పొందిన కౌన్సెలరు మాట్లాడతారు. సమస్య పెద్దదనిపిస్తే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, లేదా దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెబుతారు.

దీని హద్దు కూడా తెలిసి ఉండాలి. వారం వారం అదే మనిషితో, అదే వేళకు కూర్చుని నెలల తరబడి సాగే థెరపీ కోసం పెట్టిన ఏర్పాటు కాదిది. మళ్లీ చేస్తే ఇంకొకరు ఎత్తవచ్చు. కాబట్టి దీన్ని రెండు పనులకు వాడుకోవడం మేలు: సమస్య ఎంత లోతుగా ఉందో, ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోవడానికి, థెరపిస్టు అందుబాటులో లేని అర్ధరాత్రి ఆదుకోవడానికి.

ఊళ్లో విలేజ్ హెల్త్ క్లినిక్ ఉంటే అక్కడి నుంచి ఈ-సంజీవని అనే ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ద్వారా డాక్టరుతో మాట్లాడే వీలుంటుంది. అయితే అక్కడ పనిచేసేవాళ్లు అదే ఊరివాళ్లో పక్క ఊరివాళ్లో అయి ఉంటారు. విషయం బయటికి పొక్కుతుందన్న భయంతో చాలామంది నోరు తెరవరు. ఆ భయం తీసిపారేయదగ్గదేమీ కాదు. అటువంటివాళ్లు క్లినిక్‌ను అక్కడ చేసే రక్తపరీక్షల వరకే వాడుకున్నా సరిపోతుంది. పరీక్షలు నిజంగానే అవసరం: థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బి12 లోపించినా నీరసం, నిరాసక్తత, నిద్ర చెడడం అచ్చం డిప్రెషన్‌లాగే కనిపిస్తాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగరు చూపించుకోకుండా పన్నెండు సెషన్లు మాట్లాడుకున్నా థైరాయిడ్ సర్దుకోదు.

ఎవరి పని ఏది

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ, డీపీఎం లేదా డీఎన్‌బీ చేసిన డాక్టరు. ఇక్కడ చెప్పుకునేవాళ్లలో మందు రాయగలిగేది వీళ్లే. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు. పరీక్షలు చేస్తారు, సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే పద్ధతి) లాంటి థెరపీ ఇస్తారు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదై ఉండాలి. ఇక కౌన్సెలరు, థెరపిస్టు, లైఫ్ కోచ్ అన్న పేర్లను మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లూ పెట్టుకుంటున్నారు. ఎంఏ సైకాలజీ చేసి, సీనియర్ల పర్యవేక్షణలో ఏళ్ల తరబడి పనిచేసిన మంచి కౌన్సెలర్లు ఉన్నారు. ఏ చదువూ లేకుండా బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు. పేరు చూసి ఇద్దరినీ వేరు చేయలేం.

తనిఖీకి పది నిమిషాలు చాలు. డాక్టరైతే రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ప్రిస్క్రిప్షన్ మీద, రశీదు మీద, వాట్సాప్ సందేశాల్లో సైతం ఆ నంబరు చూపించాల్సిన బాధ్యత డాక్టరుదే. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే పేరు, చదువు వస్తాయి. క్లినికల్ సైకాలజిస్టు అయితే సీఆర్ఆర్ నంబరు (కౌన్సిల్ రిజిస్టరులో నమోదు సంఖ్య) అడిగి రిహాబిలిటేషన్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. కౌన్సెలరు అయితే ఏ యూనివర్సిటీలో ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు అని అడగాలి. అడిగినందుకు కోపగించుకుంటే జవాబు దొరికినట్టే.

అదే మార్గదర్శకాల్లో ఇంకో మాట ఉంది: కృత్రిమ మేధ మీద నడిచే వేదికలు సొంతంగా రోగికి సలహా చెప్పడానికీ, మందు రాయడానికీ వీల్లేదు. రాత్రి రెండింటికి చాట్‌బాట్‌తో గోడు చెప్పుకుంటే మనసు కాస్త తేలిక పడవచ్చు గానీ, దాన్ని చికిత్స కింద లెక్క వేసుకోకూడదు.

ఫోన్‌లో కుదిరేవి, కుదరనివి

ఓ మోస్తరు డిప్రెషన్, ఆందోళన, పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయం), నిద్ర పట్టకపోవడం, దుఃఖం, పరీక్షల ఒత్తిడి, భార్యాభర్తల గొడవలు, ఇల్లు కదలనివ్వని భయాలు, కడిగిందే కడిగే ఓసీడీ. వీటికి వీడియో మీదో ఫోను మీదో చేసే సీబీటీ ఎదురుగా కూర్చుని చేసినదానికి దాదాపు సమానంగా పనిచేస్తుందని చాలా పరిశోధనలే చెబుతున్నాయి. ఓసీడీకైతే ఇంటి నుంచి చేయడమే ఒక్కోసారి మేలు. చెయ్యి కడగాలనిపించే ఆ తొట్టి, ఆ పెరటి కుళాయి అక్కడే ఉంటాయి, సాధన అక్కడే జరుగుతుంది.

చెవిలో మాటలు వినపడటం, ఎవరో చేతబడి చేస్తున్నారని గట్టిగా నమ్మి తిండి మానేయడం, నాలుగు రోజులుగా నిద్ర లేకుండా ఉరకలెత్తుతూ ఉన్నదంతా ఖర్చు పెట్టేయడం, బాలింత మాటల్లో పొంతన లేకపోవడం, పెద్దవాళ్లకు అకస్మాత్తుగా మతి తప్పడం. వీటిని తెర మీద తేల్చలేరు. తిరుపతిలో రుయా ఆసుపత్రి, కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి, చిత్తూరు వైపు వాళ్లకు దాదాపు 40 కిలోమీటర్లలో ఉన్న వేలూరు సీఎంసీ వాళ్ల బాగాయం మానసిక ఆరోగ్య కేంద్రం... ఎక్కడో ఒకచోట ఎదురుగా చూపించాలి. పిల్లల్లో ఆటిజం, మాట ఆలస్యం లాంటివాటికి కూడా తొలి పరీక్ష ఎదురుగానే జరగాలి.

మద్యం సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంటివాళ్లు ఆన్‌లైన్‌లో ఎక్కువగా వెతికేది దీనికే. రోజూ పొద్దున్నే తాగే మనిషి కౌన్సెలరు మాట విని ఉన్నపళంగా మానేస్తే మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి లేనివి కనిపించవచ్చు. ఆ దశ ప్రాణం మీదికి తెస్తుంది. మాన్పించే మొదటి వారం ఆసుపత్రిలోనో, డాక్టరు రాసిన మందుల మీదో గడవాలి. మళ్లీ తాగుడు జోలికి పోకుండా ఉండటానికి చేసే కౌన్సెలింగ్ ఆ తర్వాత ఫోన్‌లో ఎంచక్కా సాగుతుంది.

మందుల విషయంలోనూ గీత ఉంది. మొదటిసారి చూస్తూ మందు రాయాలంటే చీటీ లేకుండా దొరికే మామూలు (ఓటీసీ) మందులు మినహా వీడియో తప్పనిసరి. ఉత్త ఫోన్ మాటతో కుదరదు. గట్టి నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందులు, మత్తు పదార్థాల కిందికి వచ్చేవి, కొన్ని మినహాయింపులు తప్ప, టెలిమెడిసిన్‌లో రాయకూడదు. మానసిక స్థితిని నిలకడగా ఉంచే లిథియం మందు వాడేవాళ్లకు రక్తంలో మోతాదు, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు క్రమం తప్పకుండా జరగాలి. కాబట్టి ఈ ప్రాంతంలో ఎక్కువమందికి నప్పే ఏర్పాటు ఇలా ఉంటుంది: సైకియాట్రిస్ట్‌ను ఒకసారి నేరుగా కలిసి రోగం తేల్చుకోవడం, నెలకో రెండు నెలలకో మందు మార్పుల కోసం వీడియో, మధ్యలో వారానికోసారి థెరపిస్టుతో మాట. మొత్తం ఫోన్ మీదే నడిపించాలన్న పట్టుదల అక్కర్లేదు.

ఇంట్లో చోటు

రెండు గదుల ఇల్లు, మధ్య గోడ పైకప్పు దాకా లేదు. ముందు వరండాలో మామ కూర్చుని ఉంటాడు, వంటింట్లో అత్త. ఫోను పేరుకు కోడలిదే గానీ రీఛార్జి భర్త చేయిస్తాడు, పాస్‌వర్డ్ పిల్లలకూ తెలుసు. ఇక్కడ ఏ యాప్ మంచిదన్న ప్రశ్న తర్వాతి సంగతి. సెషన్ జరిగే యాభై నిమిషాలు ఎక్కడ కూర్చోవాలన్నదే ముందు తేలాలి.

ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అవతలి మాట బయటికి రాదు, ఇవతలి మాట మాత్రం అందరికీ వినిపిస్తుంది. ఈ చిన్న విషయం మొదటి సెషన్‌లో తెలిసొచ్చి చాలామంది అవునూ, కాదూ తప్ప ఇంకేమీ చెప్పలేకపోతారు. బావి దగ్గర మోటారు షెడ్డు మాటకు మరుగే గానీ, వ్యవసాయానికి పగటి పూట కరెంటు ఇచ్చే గంటల్లో మోటారు మోతకు ఏమీ వినపడదు. మోటారు ఆగే వేళ చూసుకోవాలి. మామిడి తోట బాగుంటుంది, మే నుంచి జూలై దాకా కోతల మనుషులు తిరుగుతుంటారు కాబట్టి ఆ రెండు మూడు నెలలకు వేరే చోటు అనుకోవాలి. ఆపి ఉంచిన కారు, ఆటో, మేడ మీద నీళ్ల ట్యాంకు నీడ, సెలవు రోజు బడి వరండా, నమ్మకమైన చుట్టాల ఇల్లు, ఇలా ఏదో ఒకటి ముందే ఖాయం చేసుకుని, ఇంకొకటి అట్టిపెట్టుకోవాలి. వేళ కూడా ఊరి పనిని బట్టే. పాల కేంద్రానికి పోసి వచ్చాక, వంట అయ్యాక, పదకొండు నుంచి ఒంటి గంట దాకా చాలా ఇళ్లు ఖాళీగా ఉంటాయి. రాత్రి ఎనిమిది గంటలు నగరంలోని థెరపిస్టుకు అనుకూలం, పల్లె ఇంట్లో ఆ వేళకే అందరూ చేరతారు.

ఎవరైనా హఠాత్తుగా వచ్చేస్తే? థెరపిస్టుతో ముందే ఒక మాట అనుకోవాలి. "చీటీ డబ్బులు రేపు కడతాలే అక్కా" అంటే ఇక ఆపేయమని గుర్తు. అటు వైపు వాళ్లు వెంటనే మామూలు కబుర్లలోకి మారిపోతారు. ఇంట్లో కొట్టే మనిషి ఉన్నప్పుడు ఈ ఏర్పాటు లేకుండా మొదటి సెషన్ పెట్టుకోనే కూడదు. అటువంటివాళ్లకు 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు పేరు మార్చి సేవ్ చేసుకోమని చెప్పే థెరపిస్టుకు పని తెలుసునని అర్థం.

ఫోనులో మిగిలే ఆనవాళ్లు మరో తలనొప్పి. సందేశాలు తెర మీద కనపడకుండా నోటిఫికేషన్ ప్రివ్యూ ఆపేయాలి, వాట్సాప్‌కు వేరే లాక్ పెట్టాలి. యూపీఐలో డబ్బు పంపితే ఎవరికి వెళ్లిందో పేరుతో సహా చరిత్రలో ఉంటుంది, బ్యాంకు మెసేజి భర్త నంబరుకు పోవచ్చు. రశీదు ఏ పేరుతో వస్తుందో ముందే అడగడంలో తప్పేమీ లేదు.

డేటా, కరెంటు, కట్ అయ్యే కాల్

ఒక వాట్సాప్ వాయిస్ కాల్‌కు గంటకు ముప్పై ఎంబీ అటూ ఇటూ పడుతుంది. వీడియోకు నాణ్యతను బట్టి గంటకు మూడు వందల ఎంబీ మొదలు ఒక జీబీ దాకా. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకు ఒక సెషన్‌కు సరిపోతుంది, పిల్లలు దాన్ని పొద్దున్నే రీల్స్‌కు ఊదేయకపోతే. శేషాచలం అంచు ఊళ్లలో, కుప్పం దగ్గర సరిహద్దు గ్రామాల్లో కొన్నిచోట్ల ఇంటి లోపల ఒక్క గీత కూడా రాదు, మేడ మీద రెండు వస్తాయి. అటువంటిచోట వీడియో కోసం కుస్తీ పట్టకుండా మామూలు ఫోన్ కాల్ మీద థెరపీ చేస్తారా అని అడగడం నయం. మొదటి రెండు సెషన్లు వీడియోలో ముఖం చూసుకుని, తర్వాత మాట మీదే నడిపేవాళ్లు ఉన్నారు.

కాల్ తెగితే ఎవరు మళ్లీ చేయాలి, ఎన్ని నిమిషాలు ఆగాలి, పోయిన సమయం కలుపుతారా లేదా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. ఇది తేలకపోతే ఏడుస్తున్న మనిషి కాల్ మధ్యలో పోయి, ఇద్దరూ ఒకరికొకరు డయల్ చేసుకుంటూ బిజీ టోన్ వింటూ ఉంటారు.

మొదటి పదిహేను నిమిషాలు

చాలామంది థెరపిస్టులు మొదట పది పదిహేను నిమిషాలు ఉచితంగా మాట్లాడతారు. ఆ కాస్త సమయంలో కష్టమంతా చెప్పేయాలనిపిస్తుంది. ఆపుకుని ప్రశ్నలు అడగడం మంచిది. ఈ సమస్యకు ఏ పద్ధతి వాడతారు? ఎన్ని సెషన్లకు తేడా కనపడాలి? కనపడకపోతే ఏం చేస్తారు? సెషన్ రికార్డు చేస్తారా? ఏ పరిస్థితిలో ఇంటివాళ్లకు చెబుతారు? రానప్పుడు డబ్బు పోతుందా?

యాప్‌లో తెలుగు అని నొక్కితే వచ్చే వాళ్లలో కొందరు మాట్లాడే తెలుగులో సగం ఇంగ్లీషే. పలమనేరు, పుంగనూరు వైపు మనిషి "గుండెల్లో దడ, ఒళ్లంతా మంటలు, తలలో బరువు" అని చెబితే అది ఆందోళన అని పట్టుకోగలగాలి. గాలి సోకిందనో దిష్టి తగిలిందనో ఇంట్లో అంటున్నారని చెప్పినప్పుడు నవ్వితే అక్కడే ఆపేయవచ్చు. గుడికి వెళ్లొచ్చినా, దర్గాలో తాయెత్తు కట్టించుకున్నా చికిత్సకు అడ్డేమీ రాదు. మాత్ర మానేయనంత వరకు. మాత్రలు మానేయమని థెరపిస్టే చెబితే మాత్రం ఆ మనిషిని మార్చాలి. పూర్తిగా నయం చేస్తామని హామీ ఇచ్చినా, ఇరవై సెషన్ల డబ్బు ఈ రాత్రిలోగా కడితే సగం ధరకని తొందర పెట్టినా, పూర్వజన్మలోకి తీసుకెళతామన్నా దండం పెట్టి వచ్చేయాలి.

ఊరి పేరు, ఇంటి చిరునామా, దగ్గరి బంధువు నంబరు అడిగే థెరపిస్టును చూసి కొందరు అనుమానపడతారు. అది మంచి గుర్తు. బెంగళూరులోనో హైదరాబాదులోనో కూర్చున్న మనిషికి, అవతలి వ్యక్తి చచ్చిపోవాలనుందని చెప్పిన క్షణంలో 108కి ఏ ఊరు చెప్పాలో తెలియాలి కదా. ఏమీ అడగకుండా డబ్బు తీసుకునేవాళ్లకే భయపడాలి.

చచ్చిపోవాలన్న ఆలోచనలు ఉన్న మనిషి ఇంట్లో ఇంకో జాగ్రత్త ఉంది. పురుగుల మందులు ఇంట్లో ఉంచకూడదు, పొలం దగ్గర తాళం వేసి ఆ తాళంచెవి వేరేవాళ్ల దగ్గర పెట్టాలి. ఊళ్లో దొరకవని తిరుపతి నుంచి నెల మాత్రలు ఒకేసారి తెచ్చుకుంటారు. అవి కూడా ఇంటివాళ్ల చేతుల్లో ఉండి, ఏ రోజువి ఆ రోజు ఇవ్వాలి.

డబ్బు లెక్క

ప్రైవేటు ఆన్‌లైన్ సెషన్ ఐదు వందల నుంచి రెండున్నర వేల దాకా ఉంటుంది. నెలకు నాలుగు సెషన్లంటే తక్కువలో తక్కువ రెండు వేలు. దీన్ని బస్సు ఛార్జీతో పోల్చి చవకో ఖరీదో తేల్చేస్తుంటారు. ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో రాష్ట్రంలో టికెట్ లేదు కాబట్టి రుయాకు వెళ్లడానికి ఛార్జీ అడ్డం కాదు, రోజు కూలి, పాలు పితికే మనిషి, పిల్లల్ని చూసుకునే దిక్కు అడ్డం. సరిహద్దు దాటి వేలూరు వెళితే టికెట్ ఉంటుంది. ఫీజు భారమైతే రెండు వారాలకోసారి పెట్టుకోవచ్చా, మధ్య వారం రాసి పంపిన సాధనను చూస్తారా అని అడగవచ్చు. తగ్గింపు ఫీజుకు కొన్ని సీట్లు అట్టిపెట్టే థెరపిస్టులు ఉంటారు, అడిగినవాళ్లకే ఇస్తారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం బీమా కంపెనీలు శరీర రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలంది. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి కాబట్టి వారపు కౌన్సెలింగ్ ఫీజు జేబులోంచే పోతుందనుకోవాలి.

పనిచేస్తోందా లేదా

డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం తెలుగులో ఉంది. 0 నుంచి 27 దాకా మార్కులు. పది గానీ అంతకు మించి గానీ వస్తే చికిత్స గురించి ఆలోచించాల్సిన స్థాయి. మొదటి సెషన్‌కు ముందు ఒకసారి, తర్వాత రెండు మూడు వారాలకోసారి నింపుకుంటే తగ్గుతోందో లేదో అంకెలో కనిపిస్తుంది. ఐదు మార్కులు తగ్గితే చెప్పుకోదగ్గ మార్పే. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి; దానికి సున్నా కాకుండా ఏది వచ్చినా తర్వాతి సెషన్ దాకా ఆగకుండా ఆ రోజే చెప్పాలి.

డిప్రెషన్‌కు సీబీటీ మామూలుగా ఎనిమిది నుంచి పదహారు సెషన్లు. ఆరు సెషన్లు అయ్యేసరికి అంకె కదలకపోతే థెరపిస్టునే సూటిగా అడగాలి: పద్ధతి మార్చాలా, మందు కావాలా, మనిషిని మార్చాలా? మందు మొదలుపెట్టినవాళ్లకు గుణం రెండు నుంచి నాలుగు వారాలకు గానీ తెలియదు, కడుపులో తిప్పడం లాంటి ఇబ్బంది మాత్రం మొదటి వారంలోనే వస్తుంది. పల్లెలో ఎక్కువమంది మాత్ర ఆపేసేది సరిగ్గా ఆ మధ్య కాలంలోనే. మాత్ర పడటం లేదని ఆపేస్తారు, ఇంకొందరు నెల తిరిగాక బాగైపోయిందని ఆపేస్తారు. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాల్సి ఉంటుందని, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలని మొదటి రోజే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి.

థెరపిస్టును మార్చినా, రుయాకో వేలూరుకో వెళ్లాల్సి వచ్చినా, ఖాళీ చేతులతో వెళ్లకుండా ఒక పేజీ సారాంశం రాయించుకోవాలి: రోగం పేరు, వాడిన మందులు మోతాదులతో, ఎన్ని సెషన్లు జరిగాయి, పీహెచ్‌క్యూ మార్కులు, ఏది పనిచేసింది, ఏది చేయలేదు. తన వైద్య రికార్డులు అడిగి తీసుకునే హక్కు 2017 చట్టమే ఇచ్చింది. ఓపీలో డాక్టరుకు దొరికేది ఐదు నిమిషాలు. ఆ కాగితం చేతిలో ఉంటే ఆ కాసేపూ కథంతా మొదటి నుంచి చెప్పడానికి కాకుండా ఇప్పుడేం చేయాలో తేల్చడానికి పనికొస్తుంది.